సభాపతి పీఠమున చిత్తూరు మండలవాసి

పార్లమెంటు సభ్యుని యోగ్యతను మన జనులు సాధారణముగా అతడు తెచ్చిన రోడ్లచేతను, రైళ్లచేతను కొలుతురు. ఈ కొలత తప్పని మేము చెప్పము. కాని యిది చాలదని మాడభూషి అనంతశయనం అయ్యంగారి చరిత్ర తెలుపుచున్నది.

అయ్యంగారు 1891లో తిరుపతి చెంతనున్న తిరుచానూరున జన్మించిరి. కొంతకాలము గణితము బోధించి, 1915 మొదలు చిత్తూరున న్యాయవాదవృత్తి నవలంబించిరి. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. 1914లో చెన్నపట్టణముపై గుండ్లు కురిపించిన జర్మను నౌక పేరిట ఆయనకు ‘శాసనసభ ఎమ్డెన్’ అను ప్రసిద్ధి కలిగెను. 1940 తరువాత రెండుమారులు కారాగారవాసము ననుభవించిరి.

స్వరాజ్యము వచ్చినంతమాత్రమున పద్దులపై వారి దృష్టి మరలలేదు. 1950లో ఏర్పడిన అంచనాల సంఘమునకు వారే ప్రథమాధ్యక్షులు. మంత్రులకు ఈ సంఘమున స్థానము లేదు. వ్యయమున పొదుపు ఎట్లు సాధ్యమో విచారించుట దీని ధర్మము. గుమాస్తాను నియమించిన భూస్వామి చిట్టా చూడక ఊరకుండునా? పన్ను చెల్లించు ప్రజలకును అట్టి హక్కే కలదు.

1952లో తిరుపతినుండి గెలిచి ఉపసభాపతియైన అయ్యంగారు, 1956లో మావలంకరుగారు పరమపదింపగా సభాపతియైరి. 1957లో చిత్తూరునుండి ఎన్నికై, 1962 వరకు ఆ పీఠము నలంకరించిరి. సభాపతి చర్చలయందు పక్షము వహింపరాదు. ఓట్లు సమమైనప్పుడుదప్ప ఓటు వేయరాదు. వాగ్ధాటికి పేరొందినవారికి ఇట్టి మౌనము చిన్న నియమము కాదు. పిమ్మట వారు 1967 వరకు బీహారు గవర్నరుగ నుండిరి, 1978లో దివంగతులైరి.

1967లో అనంతపురము మండలమువారగు నీలం సంజీవరెడ్డిగారు సభాపతియై, మరియొక అడుగు ముందుకు వేసి, తమ పార్టీకి రాజీనామా ఇచ్చిరి. రాయలసీమ బిడ్డడు చూపిన ఆ మార్గము నేటికిని ఆచారముగ స్థిరపడకుండుట శోచనీయము. టిక్కెట్టుకొరకు పార్టీవైపు చూడవలసినవాడు ఉభయపక్షముల నేకరీతిని చూచుట కష్టము. వ్యక్తుల సౌజన్యముపై ఆధారపడిన నిష్పక్షపాతము వ్యక్తులతోడనే పోవును, నియమమైనది నిలుచును.

కావున ఓటు కోరవచ్చినవారిని మన చిత్తూరు, తిరుపతి ప్రజలు రోడ్డునుగూర్చి యడుగుటతోబాటు, “ఏ సంఘమున కూర్చుంటిరి? ఏ పద్దు పరిశీలించితిరి?” అని కూడ అడుగవలెను. అడుగువారు లేనిచోట చెప్పువారుండరు.