సమానత్వం: కలా, నిజమా?

మనుషులంతా సమానమేనా, లేక అది సభల్లో చెప్పుకునే మంచిమాటేనా? ఈ ప్రశ్న వేసేవాళ్ళు తెలివి, బలం, చదువు కొలిచి తేడాలు చూపిస్తారు. తేడాల్ని అంబేద్కర్ కూడా కాదనలేదు. పుట్టుక, పెంపకం, సొంత కృషి మనుషుల్ని వేరుచేస్తాయని 1936లో 'కుల నిర్మూలన'లో ఒప్పుకున్నాడు. అయినా అందర్నీ సమానంగా చూడటమే సూత్రం కావాలన్నాడు. లేకుంటే, పుట్టుకతోనే సౌకర్యాలు దక్కినవాడే ప్రతి పందెంలోనూ గెలుస్తాడు గదా!

మేం ఈ ప్రశ్నను తిరగేసి అడుగుతున్నాం: అసమానత ఎట్లా నిజమైంది?

నిజామాబాద్ జిల్లా రుద్రూర్, వర్ణి ప్రాంతం చూడండి. నిజాంసాగర్ నీళ్ళతో వరి, చెరుకు పండాయి. రుద్రూర్‌లో ఆ పంటల పరిశోధనా కేంద్రం వచ్చింది. పొలంలో విత్తనం మారింది. కానీ ఇదే జిల్లాలో మాల, మాదిగ ఆడపిల్లల్ని ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి జోగినుల్ని చేసే ఆచారం 1980లలో కూడా సాగింది. అనంతపురం, కర్నూలు వైపు వీళ్ళనే బసివిలంటారు.

దేవత కోరిందంటారు. మరి ఆ దేవత దొర బిడ్డను ఎందుకు కోరదు? వాడ మనిషి తాకితే మైలపడే పెద్దమనిషికి జోగిని దగ్గర మైల ఎందుకు గుర్తురాదు? ఆమె పిల్లల తండ్రి ఊళ్ళోనే ఉంటాడు. బడి రిజిస్టర్లో మాత్రం ఆయన పేరుండదు, ఆయన భూమిలో వాటా ఉండదు. ఇది ప్రకృతి చేసిన తేడా కాదు. ఆచారం, భూమి, రిజిస్టరు కలిసి తయారుచేసిన తేడా.

చట్టం కూడా అందరికీ ఒకేసారి రాలేదు. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1947లోనే చట్టం చేసింది. అది నిజాం రాజ్యానికి వర్తించదు. 1950లో రాజ్యాంగం 14, 15, 17 అధికరణాల ద్వారా సమానత్వం ప్రకటించింది. జోగిని ఆచారాన్ని నిషేధించే ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది 1988లో. ఈ మధ్య 38 ఏళ్ళు సమానత్వం కాగితమ్మీదే ఉంది. జాషువా కూతురు హేమలతా లవణం జోగినుల మధ్య పనిచేసి, వర్ణిలో 'చెల్లి నిలయం' నిలబెట్టాక అది కొందరి బతుకుల్లోకి దిగింది.

కాబట్టి సమానత్వం శరీరాల్లో కొలిచి తేల్చే వస్తువు కాదు, ఆకాశంలోని ఆదర్శమూ కాదు. అసమానతను మనుషులు రోజూ చేస్తున్నారు. అందుకే అది నిజం. సమానత్వాన్నీ అట్లాగే రోజూ చెయ్యాలి. టీచర్లు రిజిస్టరు దగ్గర, విద్యార్థులు హాస్టల్లో, కార్యకర్తలు పట్టా పంపకం దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ జోగిని బిడ్డ చోటెక్కడ? ఆ చోటు దొరికినంత మేరకే సమానత్వం నిజం.