అక్షరం రాలితే గ్రంథం ఆగుతుంది

1964 ఫిబ్రవరిలో లండన్‌లోని యూదుల ప్రార్థనా మందిరం వెస్ట్‌మిన్‌స్టర్ సినగాగ్‌కు లారీల్లో వారి పవిత్ర గ్రంథం తోరా చుట్టప్రతులు 1,564 వచ్చాయి. నాజీలు ఖాళీ చేయించిన బొహీమియా, మొరావియా ఊళ్ల యూదులవి అవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రాగ్ శివార్లలోని ఓ పాడుబడ్డ సినగాగ్‌లో ఏళ్ల తరబడి చెమ్మలో మగ్గాయి. వాటిని చదివినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు.

కొన్నేళ్లకు డేవిడ్ బ్రాండ్ అనే లేఖకుడు పని వెతుక్కుంటూ లండన్ సినగాగ్ తలుపు తట్టాడు. దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే ఉండి ఆ ప్రతులను బాగుచేశాడు. అలాంటి లేఖకుణ్ణి యూదులు సోఫెర్ అంటారు.

ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే తోరా ఎలా తయారవుతుందో తెలియాలి. అందులోని 3,04,805 అక్షరాలనూ ఈకకలంతోనో రెల్లు కలంతోనో చేత్తోనే తోలు మీద రాయాలి. ఒక అక్షరం తగ్గినా, పక్క అక్షరానికి అంటుకున్నా సభలో చదవడానికి ఆ ప్రతి పనికిరాదు. చదువుతుండగా అలాంటి తప్పు బయటపడితే అక్కడికక్కడే ఆపి, ఇంకో ప్రతి తెచ్చి కొనసాగిస్తారు. పాడైనదాన్ని ఎవరూ పొరపాటున తీయకుండా చుట్టకు కట్టే పట్టీని తొడుగు లోపల కాక పైన కడతారు.

మాచికాయలు, లోహలవణం, తుమ్మబంక కలిపి చేసే సిరా తోలులోకి పెద్దగా ఇంకదు, పైనే నిలుస్తుంది. తేమకు తోలు ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుంటే సిరా పగిలి పొరలుగా లేస్తుంది. ఆ తోలును వట్టి చేత్తో ముట్టుకోవడం నిషిద్ధం. వేలి చెమట కూడా తోలుకు చేటే. అందుకే చదివేవారు చివర చిన్న చేతి ఆకారం ఉన్న వెండి పుల్లతో వరుస చూపుతారు. చదివాక ప్రతిని తెరిచి పైకెత్తి సభకు చూపించేటప్పుడు తోళ్లు కలిసే కుట్టు మధ్యకు వచ్చేలా చూసుకుంటారు. చిరిగితే కుట్టే ఊడుతుంది, అక్షరాలు దక్కుతాయి. ఇంత ముందుచూపు ఉన్న ఆచారం చూస్తే ముచ్చటేస్తుంది. చిరుగుకు టేపు అతికించడం మాత్రం పెద్ద తప్పు. దాని జిగురు తోలునే పాడుచేస్తుంది.

అక్షరం ఆకారం మీద సందేహమొస్తే, అక్షరాలు మాత్రమే వచ్చిన పసివాణ్ణి పిలిచి చూపిస్తారు. వాడు సరిగ్గా చదివితే ఆ అక్షరం నిలిచినట్టే. మామూలు తప్పును సోఫెర్ గీకి తిరిగి రాస్తాడు. దేవుని నామంలో తప్పుంటే చెరపకూడదు, ఆ తోలు ముక్క మొత్తాన్నీ మార్చాలి.

లండన్ చేరిన ఆ ప్రతులను చూసుకునే ట్రస్టు వాటిని అమ్మదు. దేశదేశాల సినగాగ్‌లకు అరువిస్తుంది. కొన్నింటిని లండన్ నైట్స్‌బ్రిడ్జ్‌లోని కెంట్ హౌస్‌లో ప్రదర్శనకు ఉంచింది. అటు వెళ్లే తెలుగువారు వేళలు కనుక్కొని చూసి రావాలి.