సాహిత్యచర్చలో పూర్వపక్షం

గ్రంథం అచ్చయి పాఠకుని చేతికి అందగానే రచయిత పని ముగిసినదని సాధారణంగా భావించడం కద్దు. నిజానికి అక్కడినుండి మరొక పని ఆరంభమవుతుంది. చదివినవారు ఆ గ్రంథాన్ని గురించి ఏమనుకొన్నారు, ఏ వాక్యం ఎవరికి వేరుగా అర్థమైనది, ఏ అభిప్రాయాన్ని ఎవరు ఏ ఆధారంతో కాదన్నారు అని విచారించడం, అవసరమైనచోట సమాధానం చెప్పడం, ఇతరుల గ్రంథాలపై సాగే చర్చలో తన వంతు మాట చేర్చడం, ఇవన్నీ రచనావ్యాసంగంలో భాగాలే. వీటిని వట్టి కాలహరణమని తోసిపుచ్చే రచయితలు కలరు. విమర్శ విమర్శకుల పని, రచన రచయితల పని అని వారి వాదం. ఈ వాదం భారతీయ సాహిత్యశాస్త్ర చరిత్రకు గాని, తెలుగు వచన చరిత్రకు గాని సరిపడదు.

మన శాస్త్రగ్రంథాలలో సిద్ధాంతం ఒంటరిగా కనబడదు. దానికి ముందు పూర్వపక్షం నిలుస్తుంది. 9వ శతాబ్దిలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వనిసిద్ధాంతాన్ని స్థాపించదలచినపుడు, గ్రంథారంభంలోనే తన్ను కాదనేవారిని మూడు తెగలుగా పేర్కొన్నాడు. ధ్వని అనేది అసలు లేదనేవారు కొందరు. ఉన్నా అది లక్షణావృత్తిలో చేరిపోతుందనేవారు కొందరు. ఉన్నది నిజమే కాని మాటలలో నిర్వచించరానిదనేవారు మరికొందరు. ఈ ముగ్గురికీ సమాధానం చెప్పే ప్రయత్నంలోనే ధ్వన్యాలోకం రూపుదిద్దుకొన్నది. ప్రత్యర్థులు లేకుంటే ఆ గ్రంథం ఇప్పుడున్న రూపంలో ఉండేది కాదు.

రసవిచారం చరిత్ర ఇంకను ఆశ్చర్యకరమైనది. భరతుని రససూత్రానికి భట్టలొల్లటుడు ఒక అర్థం చెప్పినాడు. శ్రీశంకుకుడు దానిని కాదని, ప్రేక్షకుడు రసాన్ని అనుమానప్రమాణంచేత గ్రహిస్తాడన్నాడు. భట్టనాయకుడు ఆ ఇద్దరినీ కాదని, కావ్యంలో భావాలు వ్యక్తిసంబంధాన్ని వీడి సాధారణీకృతం కావడమే రసాస్వాదానికి మూలమన్నాడు. వీరి గ్రంథాలు నేడు లభించడం లేదు. అయినను వీరి వాదాలు విద్యార్థులు సైతం చదువుకొంటున్నారు. అందుకు ప్రధాన కారణం వారిని ఖండించిన అభినవగుప్తుడే. ఖండించడానికి ముందు ఎదుటివారి మతాన్ని ఆయన శ్రద్ధగా వివరించినాడు. పైగా భట్టనాయకుని సాధారణీకరణాన్ని తన సిద్ధాంతంలో ఇముడ్చుకొన్నాడు. మూలగ్రంథాలు నశించినా చర్చ నిలిచినది. ఆ చర్చ నిలవడంచేత ఆ గ్రంథకర్తలు నిలిచినారు. ప్రత్యర్థి మాటను న్యాయంగా ఉదాహరించడం వట్టి మర్యాద కాదని దీనివలన తెలుస్తుంది.

ఆధునిక కాలంలో తెలుగువారికి దీనితో పోల్చదగిన చర్చ ఒకటి కలదు. అది గ్రాంథిక వ్యావహారిక వాదం. దాని ఫలితం అందరూ ఎరిగినదే. ఆ ఫలితం ఏ మార్గాన సిద్ధించినదో తెలిసికోవడం రచయితలకు మరింత ఉపయోగం.

గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. అది తెలుగు నేలకు ఉత్తరపు అంచు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు అందులో చేరినది. విశ్వవిద్యాలయమూ, విద్యాశాఖ పెద్దలూ ఉన్నది మద్రాసులో. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసినదీ అక్కడే. ఈ కేంద్రానికి అంత దూరాన ఉండి, లిపి లేని సవరభాషను సవరల నోటినుండి విని నేర్చుకొని, దానిని శాస్త్రీయంగా పరిశీలించిన పండితుడాయన. జనం మాటాడే భాషను నమోదు చేసి నియమాలు కనుగొనే పద్ధతి ఆయనకు ఆ పనివలన అలవడినది. ఆ పద్ధతిని తెలుగుకు అన్వయించి, బడిపిల్లలు వ్రాయవలసిన భాష ఏది అన్న ప్రశ్నను లేవదీసినారు. పండితులకు ఇది సిద్ధాంతసమస్య. ఇంట మాటాడే మాట పరీక్షపత్రంలో తప్పుగా లెక్కకు వచ్చే పిల్లవానికి మాత్రం ఇది చదువు సాగుతుందా ఆగుతుందా అన్న సమస్య.

1913లో రామమూర్తి పంతులు ఆధునికాంధ్రభాషను గురించి ఆంగ్లంలో ఒక వినతిపత్రం ప్రకటించినారు. పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ ఆంగ్లంలోనే గ్రంథం వ్రాసినారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన వ్యాసరచన ఉపసంఘంలో అధికసంఖ్యాకులు గ్రాంథికం పక్షాన నిలిచినారు. అందులో సభ్యులైన గురజాడ అప్పారావు తమ అసమ్మతిని విపులంగా వ్రాసి 1914లో ప్రకటించినారు. మరుసటి ఏడే వారు కీర్తిశేషులైనారు. అప్పటికి విజయం గ్రాంథికవాదులదే. అయినను ఆ అసమ్మతిపత్రం ఆనాటి నిర్ణయంతో చెల్లిపోలేదు. ఓడిన పక్షం తన కారణాలను వ్రాసి ఉంచడంచేత, తరువాతివారికి వాదం మళ్ళీ మొదటినుండి ఎత్తుకొనవలసిన అవసరం లేకపోయినది.

ఆ తరువాతి ఘట్టమే ముఖ్యమైనది. అంతవరకు ఈ చర్చ చాలవరకు ఆంగ్లంలో, ఉపసంఘాలలో, అధికారుల ముందు నడచినది. తెలుగు మాత్రమే చదివేవారికి అందులో చోటు లేదు. రామమూర్తి పంతులు దానిని ఊరూరి సభలకు తెచ్చినారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నడిపినారు. అంతకంటె విశేషమైనది ఆయన చదివిన తీరు. ప్రత్యర్థుల గ్రంథాలను వారి అభిమానులకంటె శ్రద్ధగా చదివి, గ్రాంథికం తప్ప వేరొకటి వ్రాయరాదనేవారే గ్రాంథికనియమాలను ఎక్కడెక్కడ తప్పినారో వారి వాక్యాలతోనే చూపినారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అట్టి పరిశ్రమకు ఫలం. ‘గద్య చింతామణి’లో పూర్వుల వచనాన్ని సేకరించి, వాడుకభాషలో వ్రాయడం కొత్తగా పుట్టిన అపచారం కాదని నిరూపించినారు. ఎదిరించేవారే లేకుంటే ఈ సేకరణకు అవసరమే కలిగేది కాదు. తెలుగు వచనచరిత్రలో ఒక అధ్యాయం ఈ విధంగా వాదానికి సమాధానంగా బయటపడినది.

ప్రతిపక్షాన్ని చిన్నచూపు చూడడం కూడా పొరపాటే. వేదము వేంకటరాయశాస్త్రి తమ ‘ప్రతాపరుద్రీయం’ (1897) నాటకంలో సామాన్యపాత్రల చేత వాడుకమాటలు పలికించినారు. ఆక్షేపణ రాగా, సంస్కృతనాటకాలలోని ప్రాకృతాన్ని దృష్టాంతంగా చూపి, పాత్రోచితభాష అనే నియమాన్ని ‘గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనం’లో ప్రతిపాదించినారు. అయినా గ్రంథకర్త స్వయంగా వ్రాసే వచనానికి వారు గ్రాంథికాన్నే కోరినారు. పాత్ర మాటాడే భాష వేరు, గ్రంథకర్త మాటాడే భాష వేరు అనే భేదం ఈనాటి నవలాకారునికి కూడా పనికివచ్చేదే. ఆ భేదాన్ని అంత స్పష్టంగా చెప్పించినది ఆక్షేపణే. ఇక పరిషత్తు సంగతి చూస్తే, జయంతి రామయ్య పంతులు సంపాదకత్వాన ఆరంభమై 1936లో తొలి సంపుటం వెలువరించిన సూర్యరాయాంధ్ర నిఘంటువును నేడు ఏ వ్యావహారికవాది వద్దనగలడు?

ఈ చర్చలో కందుకూరి వీరేశలింగం పంతులు స్థానం ప్రత్యేకంగా గమనింపదగినది. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి, ‘రాజశేఖర చరిత్రం’ వంటి గ్రంథాలతో గ్రాంథికవచనానికి ఒరవడి పెట్టినవారాయన. అట్టివారు 1919 ఫిబ్రవరిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజానికి అధ్యక్షులైనారు. రామమూర్తి పంతులు కార్యదర్శి. అదే ఏడు మే నెలలో వీరేశలింగం పంతులు మరణించినారు. డెబ్బదేండ్ల వయస్సులో, తాము జీవితమంతా వ్రాసిన భాష వద్దనే సమాజానికి పెద్దరికం వహించడం తేలిక కాదు. ఎదుటివారి వాదం విని మనసు మార్చుకోవడం కీర్తికి లోపమనుకొనేవారు ఈ ఉదంతాన్ని తలచుకోవలెను. వీరేశలింగం పంతులు ప్రతిష్ఠ దానివలన తరిగినదని ఎవరూ అనలేదు.

అన్ని చర్చలూ ఇట్టి ఫలాన్నే ఇస్తాయని చెప్పలేము. తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు అప్పయదీక్షితుని ‘చిత్రమీమాంస’ను ఖండిస్తూ ప్రత్యేకగ్రంథమే వ్రాసినాడు. పాండిత్యంలో అది లోపించినది కాదు. కాని ఆయన పరుషవాక్కులే ఈనాటికీ కథలుగా చెప్పుకొంటారు. తిరుపతి వేంకట కవుల వాదప్రతివాదాలకు స్మారకంగా ‘గీరతం’ నిలిచినది. ఆ పద్యాల ధార మెచ్చదగినదే. అయినను ఏ సాహిత్యతత్త్వం వాటివలన తేలినదని అడిగితే వెదకి చెప్పవలసి వస్తుంది. వాదం విషయాన్ని వదలి వ్యక్తిని పట్టుకొన్నపుడు, తరువాతి తరానికి అందేది చమత్కారం మాత్రమే.

కనుక చర్చలో పాల్గొనేవారికి కొన్ని నియమాలు అవసరం. ఇవి కొత్తవి కావు. కొలచెలమ మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలలో, మూలం లేనిదేదీ వ్రాయనని, అవసరం లేనిదేదీ చెప్పనని ప్రతిజ్ఞ పట్టినాడు. నేటి మెదక్ ప్రాంతపు కొల్చారానికి చెందిన ఆ మహావ్యాఖ్యాత కాళిదాసకావ్యాలకు వ్యాఖ్య పూనడానికి కారణం పూర్వపు దుర్వ్యాఖ్యలే. అనగా ఆయన ‘సంజీవని’ కూడా ఒక విధమైన ప్రత్యుత్తరమే. ఆయన ప్రతిజ్ఞకు మరి రెండు చేర్చవచ్చును. గ్రంథాన్ని పూర్తిగా చదవకుండ దానిపై అభిప్రాయం చెప్పరాదు. ఎదుటివారి వాదాన్ని వారు ఒప్పుకొనే విధంగా మొదట చెప్పి, ఆపైన కాదనవలెను. ఈ రెండవ నియమం పాటించడానికి పూనుకొన్నవారికి కాదనవలసినది తాము తలచినంత లేదని తరచుగా తోస్తుంది.

అనువాదకునికి చర్చ మరింత ఆవశ్యకం. మూలభాష ఎరిగినవాడు, ఎరగనివాడు, ఇద్దరూ అనువాదాన్ని చదివి తమ సందేహాలు చెప్పితే గాని దాని గుణదోషాలు తెలియవు. మొదటివాడు అర్థంలోని లోపాన్ని పట్టగలడు. రెండవవాడు తెలుగు వాక్యంలోని కుంటును పట్టగలడు. ఒక్క అనువాదకుడే ఈ రెండు చూపులను చాలాకాలం నిలుపుకోలేడు; మూలం అతని చెవిలో మోగుతూ ఉండగా తెలుగులోని కుంటు అతనికి వినబడదు.

చర్చలో మాటాడనివారికి కూడా ప్రయోజనం లేకపోలేదు. వాదప్రతివాదాలను ఓపికతో చదివే యువరచయిత, ఒక వాక్యాన్ని పదిమంది పదివిధాల ఎట్లు చదువుతారో నేర్చుకొంటాడు. ఏ అలంకారశాస్త్రమూ ఈ పాఠాన్ని ఇంత ప్రత్యక్షంగా చెప్పదు. అయితే ఎల్లకాలం శ్రోతగా ఉండిపోవడం కూడా తగదు. తనకు నిశ్చయంగా తెలిసిన ఒక్క సంగతి, ఒక పదం తమ ప్రాంతంలో ఎట్లు వాడుకలో ఉన్నదన్న సంగతి అయినా సరే, చర్చకు చేర్చడం అతని విధి.

1924లో ఆరంభమైన ‘భారతి’ 1991లో ఆగిపోయినది. ఒక వ్యాసానికి మరొక వ్యాసం జవాబుగా వెలువడే అలవాటును దశాబ్దాలు పోషించిన వేదిక అది. నేడు గ్రంథావిష్కరణలకు, అభినందన వ్యాసాలకు కొదువ లేదు. ప్రశంస పొందిన గ్రంథం ఆ సాయంకాలంతో మరపున పడుతున్నదేమో రచయితలు విచారించవలెను. తెలుగుదేశానికి దూరంగా, చెన్నపట్టణంలో, బెంగుళూరులో, ఒడిశాలో, ఢిల్లీలో ఉండి వ్రాసేవారికి ఈ లోటు ఇంకా ఎక్కువ. పక్కనే కూర్చుండి వ్రాతప్రతి విని తప్పు చెప్పే మిత్రుడు వారికి దొరకడు. అట్టివారు పర్లాకిమిడి ఉపాధ్యాయుని తలచుకోవచ్చును. కేంద్రానికి దూరంగా ఉండడం ఆయనకు అడ్డం కాలేదు. ఇతరులు వ్రాసినది చదివినారు, కాదనదలచినది ఆధారంతో కాదన్నారు, సమాధానం కోసం ఎదురు చూచినారు. ఈ మూడు పనులకు ఊరితో నిమిత్తం లేదు.