625 మీటర్ల ఎత్తులో బ్రిడ్జి సరే, దాని ఈఎంఐ ఎవరు కడుతున్నారు? చైనాలోని గుయ్‌జౌ కథ

ఈపాటికి ఆ వీడియో మీ ఫోన్‌లో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. రెండు కొండల మధ్య సన్నటి గీతలా ఒక బ్రిడ్జి, దాని కింద మేఘాలు, ఇంకా కిందకి చూస్తే దారంలా ఒక నది. ఏఐతో చేసిన వీడియో అని చాలామంది అనుకున్నారు. కాదండి, అది నిజం బ్రిడ్జే. పేరు హువాజియాంగ్ గ్రాండ్ కాన్యన్ బ్రిడ్జి. 2025 సెప్టెంబర్ 28న ఓపెన్ చేశారు. కింద నది నుంచి పైన రోడ్డు వరకు ఎత్తు 625 మీటర్లు. ఐఫిల్ టవర్ 330 మీటర్లు, అంటే దాదాపు రెండు ఐఫిల్ టవర్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మన కశ్మీర్‌లో చీనాబ్ రైల్వే బ్రిడ్జి 359 మీటర్లు. ఓపెనింగ్‌కి ముందు 96 లారీలు లోడ్‌తో ఎక్కించి మరీ టెస్ట్ చేశారు. ఇదివరకు లోయ దాటడానికి రెండు గంటలు పట్టేది, ఇప్పుడు రెండు నిమిషాలు.

ఇంతవరకు అన్ని వీడియోల్లోనూ చెప్పారు. ఎవరూ అడగనిది ఒకటుంది. ఇంత పెద్ద బ్రిడ్జి షాంఘైలోనో, బీజింగ్‌లోనో కాకుండా చైనాలోని అత్యంత పేద ప్రావిన్సుల్లో ఒకటైన గుయ్‌జౌలో ఎందుకు ఉంది? అక్కడ డబ్బెక్కడిది? ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ముందు మ్యాప్ చూడండి. చైనాకి నైరుతి వైపు, సముద్రం లేని ప్రావిన్స్ ఇది. విస్తీర్ణం సుమారు 1.76 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త పెద్దది. 2020 లెక్కల ప్రకారం జనాభా 3.85 కోట్లు. ఇందులో 90 శాతానికి పైగా నేల కొండలు, గుట్టలే. అవి కూడా మామూలు కొండలు కాదు, సున్నపురాయి. అరకు వెళ్ళినప్పుడు బొర్రా గుహలు చూసుంటారు కదా, వాన నీళ్ళు సున్నపురాయిని వేల ఏళ్ళు కరిగించి కరిగించి చేసినవి. అదే పని ఒక ప్రావిన్స్ అంతటా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది గుయ్‌జౌ. ఎక్కడ చూసినా గుహలు, నిట్టనిలువు లోయలు, నేలలో దిగిపోయిన గుంతలు. ప్రపంచంలోనే పెద్దదైన 500 మీటర్ల ఫాస్ట్ రేడియో టెలిస్కోప్‌ని ఇక్కడ పెట్టడానికి ఒక కారణం అలాంటి గుంతే. తవ్వక్కర్లేకుండా గిన్నె రెడీగా దొరికింది.

గుయ్‌జౌ గురించి చైనాలో ఒక పాత సామెత ఉంది. అక్కడ ఆకాశం వరుసగా మూడు రోజులు తెరిపివ్వదట, నేల మూడు లీల దూరం చదునుగా ఉండదట, మనిషి దగ్గర మూడు కాసులు ఉండవట. లీ అంటే అర కిలోమీటర్ అనుకోండి. అంటే కిలోమీటరున్నర చదును నేల కూడా లేదని వెటకారం. కానీ ఆ మూడింటికీ లింకు ఉంది. నేల చదునుగా లేదు కాబట్టి రోడ్డు లేదు, రోడ్డు లేదు కాబట్టి పండించింది ఊరు దాటదు, అందుకే చేతిలో కాసులు లేవు.

2000ల తర్వాత ఈ లింకుని మధ్యలో తెంపాలని అక్కడి ప్రభుత్వం కూర్చుంది. 2014 డిసెంబర్‌లో రాజధాని గుయ్‌యాంగ్ నుంచి గ్వాంగ్‌జౌకి హైస్పీడ్ రైలు మొదలైంది. 857 కిలోమీటర్ల లైను. అంతకుముందు రైల్లో ఇరవై గంటల పైనే పట్టే ప్రయాణం నాలుగైదు గంటలకి వచ్చింది. 2015 నాటికి ప్రతి కౌంటీకి ఎక్స్‌ప్రెస్‌వే. కౌంటీ అంటే మన జిల్లా కంటే చిన్నది, మండలం కంటే పెద్దది అనుకోండి. పశ్చిమ చైనాలో ఈ పని మొదట పూర్తి చేసింది ఈ పేద ప్రావిన్సే. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వేలు 8,000 కిలోమీటర్లు దాటాయి. బ్రిడ్జిలైతే 30 వేల పైమాటే. ప్రపంచంలో అతి ఎత్తైన వంద బ్రిడ్జిల లిస్టు తీస్తే దాదాపు సగం ఈ ఒక్క చోటే ఉంటాయి. హువాజియాంగ్‌కి ముందు రికార్డు ఉన్న 565 మీటర్ల బ్రిడ్జి కూడా ఇక్కడిదే, గుయ్‌జౌ, యునాన్ బోర్డర్‌లో ఉంది. 2016లో ఓపెన్ చేశారు. రెండూ ఒకే నది మీద, బేపాన్ నది. సొంత రికార్డుని సొంత నది మీదే బద్దలు కొట్టుకున్నారన్నమాట.

రోడ్డుతో పాటు ఇంకో పని చేశారు. రోడ్డు వేయడం అసలు కుదరని కొండ ఊళ్ళ నుంచి 19 లక్షల మందిని దించి టౌన్లలో కట్టిన అపార్ట్‌మెంట్లలో పెట్టారు. 2020 నవంబర్‌లో గుయ్‌జౌలోని చివరి తొమ్మిది కౌంటీలని పేదరికం లిస్టులోంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఆ లిస్టులో మిగిలిన చివరి కౌంటీలు అవే.

సరే, డబ్బు. చైనాలో 2015 వరకు లోకల్ ప్రభుత్వాలు నేరుగా బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోవడానికి చట్టం మామూలుగా ఒప్పుకునేది కాదు. మరి పని ఎలా అవ్వాలి? సిటీ ప్రభుత్వం ఒక కంపెనీ పెడుతుంది. పేరు ఏదో రోడ్ అండ్ బ్రిడ్జ్ గ్రూప్ అని ఉంటుంది. ఆ కంపెనీకి కొంత భూమి రాసిస్తుంది. కంపెనీ బ్యాంకుకి వెళ్ళి ఆ భూమి చూపించి అప్పు తెస్తుంది. ఆ అప్పుతో రోడ్డు వేస్తుంది. రోడ్డు వచ్చింది కాబట్టి చుట్టుపక్కల భూమి రేటు పెరుగుతుంది. సిటీ ఆ భూమిని బిల్డర్లకి అమ్ముతుంది. ఆ డబ్బుతో పాత అప్పు వాయిదా కట్టి, కొత్త అప్పు తెస్తుంది. కాగితం మీద చూస్తే అప్పు కంపెనీది, ప్రభుత్వానిది కాదు. కానీ ఆ కంపెనీ వెనక ఎవరున్నారో బ్యాంకుకీ తెలుసు.

భూమి రేటు పెరుగుతున్నంత కాలం ఈ లూప్ తిరుగుతుంది. కోడ్ రాసేవాళ్ళకి అర్థమవుతుంది, ఇందులో ఎగ్జిట్ కండిషన్ లేదు. 2021 నుంచి చైనా రియల్ ఎస్టేట్ పడిపోయింది. బిల్డర్లు భూమి కొనడం మానేశారు. లూప్ అక్కడే ఆగింది.

2022 డిసెంబర్ 30న జున్‌యి అనే సిటీకి చెందిన రోడ్ అండ్ బ్రిడ్జ్ కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. సుమారు 1,560 కోట్ల యువాన్ల బ్యాంకు అప్పుని 20 ఏళ్ళకి సాగదీశారు. యువాన్ అంటే 12 రూపాయల పైనే కాబట్టి, మన డబ్బుల్లో 18 వేల కోట్లు దాటుతుంది. వడ్డీ 3 నుంచి 4.5 శాతం. మొదటి పదేళ్ళు వడ్డీ మాత్రమే, అసలు కట్టక్కర్లేదు. మీ హోమ్ లోన్‌కి ఏ బ్యాంకైనా ఇలా ఒప్పుకుంటుందేమో అడిగి చూడండి. 2023 ఏప్రిల్‌లో ఇంకా పెద్ద సంగతి జరిగింది. గుయ్‌జౌ ప్రభుత్వానికే చెందిన రీసెర్చ్ సెంటర్ ఒకటి, ఈ అప్పులు మా సొంత శక్తితో తీరేవి కావు అనే అర్థం వచ్చేలా వెబ్‌సైట్‌లో ఒక వ్యాసం పెట్టేసింది. కొన్నాళ్ళకే అది తీసేశారు. చైనాలో ఒక ప్రభుత్వ ఆఫీసు అంత ఓపెన్‌గా రాయడమే పెద్ద న్యూస్.

అందరూ రోడ్లే వేశారా అంటే, లేదు. దూషాన్ అనే కౌంటీ ఉంది. జనాభా సుమారు 3.5 లక్షలు, ఏడాది ఆదాయం 100 కోట్ల యువాన్ల లోపు. అప్పు చేసింది 4,000 కోట్ల యువాన్లు! పసిపిల్లలతో సహా తలకి లక్ష యువాన్ల పైనే. ఆ డబ్బులో కొంత పెట్టి షుయ్ అనే స్థానిక తెగ పేరుతో 99.9 మీటర్ల రాజమహల్ లాంటి బిల్డింగ్ ఒకటి లేపారు, సగంలో ఆగింది. 2020లో ఒక చైనీస్ వీడియో టీమ్ అక్కడికి వెళ్ళి అన్నీ చూపిస్తే దేశమంతా నోరు తెరిచింది. అంతకుముందే అక్కడి పార్టీ సెక్రటరీని పట్టుకున్నారు. మనం అప్పు చేసి పప్పు కూడు అంటాం. పప్పు కూడైనా కడుపు నింపుతుంది, ఇది అదీ కాదు.

ఇక గుయ్‌జౌకి ఆదాయం తెచ్చేది ఏంటి? ఒకటి మద్యం. జొన్నలతో చేసే మావ్‌తాయ్ అనే బ్రాండ్ ఇక్కడి ఒక చిన్న టౌన్‌లోనే తయారవుతుంది. గ్రాస్ మార్జిన్ 90 శాతం పైన. సాఫ్ట్‌వేర్ కంపెనీలకి కూడా అంత ఉండదు. 2020లో దాని మార్కెట్ విలువ చైనాలోని అతి పెద్ద బ్యాంకుని దాటేసింది. ఇందులో పెద్ద వాటా ప్రావిన్స్ ప్రభుత్వానిదే. 2019 చివర్లో ఒకసారి, 2020 చివర్లో ఇంకోసారి, 4 శాతం చొప్పున షేర్లని పైసా తీసుకోకుండా ప్రావిన్స్‌కే చెందిన మరో కంపెనీకి బదిలీ చేశారు. ఆ కంపెనీ వాటిలో కొన్ని అమ్మి డబ్బు చేసుకుంది. అర్థమైంది కదా, ఇంట్లో బంగారం ఉంటే గడ్డుకాలంలో ఏం చేస్తామో అదే.

రెండోది నా ఏరియా, డేటా సెంటర్లు. గుయ్‌యాంగ్ పక్కన గుయ్‌ఆన్ అనే కొత్త ఏరియాని 2014లో మొదలుపెట్టారు. హువావే, టెన్సెంట్, మూడు పెద్ద టెలికాం కంపెనీలు, అందరూ అక్కడ ఉన్నారు. టెన్సెంట్ అయితే కొండని తొలిచి సొరంగాల్లో సర్వర్లు పెట్టింది. చైనాలో ఐఫోన్ వాడేవాళ్ళ ఐక్లౌడ్ డేటా కూడా 2018 ఫిబ్రవరి నుంచి గుయ్‌జౌ ప్రభుత్వ కంపెనీ ఒకటి చూసుకుంటోంది. చట్టం వల్ల యాపిల్ ఒప్పుకోవాల్సి వచ్చింది, ప్రైవసీ గురించి అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. అది వేరే ఎపిసోడ్.

ఇక్కడే ఎందుకంటే, సర్వర్‌కి కావాల్సింది కరెంటు, చల్లదనం. గుయ్‌యాంగ్‌లో ఎండాకాలం సగటు 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది, కాబట్టి ఏసీ బిల్లు తక్కువ. నదుల మీద డ్యాములున్నాయి, బొగ్గు కూడా ఉంది. ఈ కరెంటు ఇన్నాళ్ళూ వైర్ల మీద గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీలకి వెళ్ళేది. కరెంటుని అంత దూరం మోసే బదులు డేటానే ఇక్కడికి తెస్తే సరిపోతుంది కదా అన్నది ఐడియా. 2022లో దీన్ని జాతీయ ప్లాన్ చేశారు. తూర్పు డేటా, పశ్చిమ కంప్యూటింగ్ అని పేరు, దేశంలో ఎనిమిది హబ్‌లు, గుయ్‌జౌ ఒకటి.

కానీ ఒక లిమిట్ ఉంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కేబుల్ 1,500 కిలోమీటర్లు ఉంటే, పోయి రావడానికే 15 మిల్లీసెకన్లు. నిజంలో ఇంకా ఎక్కువ. బ్యాకప్‌కి, పాత ఫొటోలకి, ఏఐ ట్రైనింగ్‌కి అది లెక్కలోకి రాదు. స్టాక్ ట్రేడింగ్‌కి, గేమింగ్‌కి వస్తుంది. అంటే ఎక్కువ రేటు పలికే పని తీరంలోనే ఉండిపోతుంది, గుయ్‌జౌకి గోడౌన్ పని వస్తుంది. పైగా డేటా సెంటర్ కట్టేటప్పుడు వేల మంది కావాలి, కట్టాక లోపల తిరిగేది కొద్దిమందే. విశాఖకి గూగుల్ 15 బిలియన్ డాలర్లతో వస్తానని 2025 అక్టోబర్‌లో చెప్పింది కదా, అక్కడ ఉద్యోగాల లెక్క చూసేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

మరి మొత్తానికి గెలిచారా, ఓడారా? నా అభిప్రాయం చెప్తాను. రోంగ్‌జియాంగ్ అనే కౌంటీ చూడండి. ఆ చివరి తొమ్మిదిలో ఒకటి. గ్వాంగ్‌జౌ వెళ్ళే హైస్పీడ్ రైలు అక్కడ ఆగుతుంది. 2023లో ఆ ఊళ్ళ వాళ్ళు ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టుకున్నారు. రైతులు, కూరలమ్మేవాళ్ళు ప్లేయర్లు, గెలిస్తే ప్రైజు పశువులు, పందులు. వీడియోలు వైరల్ అయి దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. ఆ స్టేషన్ లేకపోతే వచ్చేవాళ్ళా? వాళ్ళు తిన్న నూడుల్స్ డబ్బు, ఉన్న హోటల్ డబ్బు ఊరివాళ్ళకి వెళ్ళింది. రైలు లైను అప్పు లెక్కలో మాత్రం టికెట్ డబ్బే కనిపిస్తుంది. రోడ్డు వల్ల లాభం టోల్‌గేట్ దగ్గర పోగవ్వదు, ఊళ్ళో పోగవుతుంది. కానీ బ్యాంకు వాయిదా అడిగేది టోల్‌గేట్ దగ్గరే. నాకు కనిపించిన అసలు తప్పు ఇదే. కట్టడం కాదు తప్పు, పన్ను డబ్బుతో వేయాల్సిన రోడ్డుని కమర్షియల్ అప్పుతో వేయడం తప్పు. దూషాన్ బిల్డింగ్ లాంటివి ఈ లెక్కలో కలపకండి, అవి ఎలా చూసినా దండగే.

కట్టాక కాపాడుకోవడం ఇంకో ఖర్చు. 2025 జూన్‌లో వానలకి రోంగ్‌జియాంగ్ మునిగింది, ఆ ఫుట్‌బాల్ గ్రౌండ్‌తో సహా. అదే రోజుల్లో పక్క కౌంటీలో కొండచరియ జారి ఎక్స్‌ప్రెస్‌వే బ్రిడ్జి ఒక భాగం కూలింది. లారీ ముందు భాగం గాల్లో వేలాడుతున్న వీడియో చూసే ఉంటారు. డ్రైవర్ బతికాడు.

అంకెల్లో చూస్తే, దాదాపు పదేళ్ళు దేశంలో అందరికంటే వేగంగా పెరిగిన వాటిలో ఒకటైన ఈ ప్రావిన్స్ 2022లో 1.2 శాతం పెరిగింది. అదే ఏడాది తలసరి జీడీపీ సుమారు 52 వేల యువాన్లు, దేశ సగటు 85 వేలు. 2023 చివర్లో పాత అప్పుని తక్కువ వడ్డీ ప్రభుత్వ బాండ్లలోకి మార్చుకునే అవకాశం కేంద్రం ఇచ్చింది. గుయ్‌జౌ ఒక్కటే 20,000 కోట్ల యువాన్లకు పైగా వాడుకుంది. ఆ తర్వాత, అప్పుల్లో ఉన్న 12 ప్రావిన్సుల్లో కొత్త ప్రాజెక్టులకి బ్రేక్ వేశారని రాయిటర్స్ రాసింది, అందులో ఇదీ ఉంది. హువాజియాంగ్ పని మొదలైంది 2022 జనవరిలో, అంటే ఈ బ్రేక్ పడకముందు. అందుకే ఆ బ్రిడ్జిని కొత్త జోరుకి మొదలు అనుకోకండి, పాత జోరులో చివరి వాటిలో ఒకటిగా చూడండి. ఇప్పుడు దాని టవర్ పైన కాఫీ షాప్, గ్లాస్ లిఫ్ట్ పెట్టి టూరిస్టులని పిలుస్తున్నారు. టోల్‌తో పాటు ఆ టికెట్ డబ్బు కూడా కావాలి మరి.

జున్‌యి కంపెనీకి అసలు వాయిదాలు మొదలయ్యేది 2033 ప్రాంతంలో. అప్పటికి ఈ ఛానల్ ఉంటే పార్ట్ టూ చేద్దాం. ఉంటానండి.