రబ్బరు తొడుగుకూ అరటిపండుకూ ఉన్న చుట్టరికం

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది పరిసరాల్లో కొబ్బరి, అరటి లేని పెరడు అరుదు. గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళివచ్చిన స్త్రీలు కూడా ఈ కోనసీమలో చాలామంది ఉన్నారు. మా వద్ద చదువుకునే ఒక బాలుని తల్లి వారిలో ఒకరు. గత రమజాన్‌లో ఆమె ఒక సీసా నీళ్ళతో వచ్చి, "మౌలానా సాబ్, నజర్ తగిలినట్టుంది, దమ్ చేసి ఇవ్వండి" అని కోరారు. గల్ఫ్‌లో పనిచేసిన రోజుల్లో రబ్బరు తొడుగులు వేసుకున్న కొన్ని నిమిషాలకే చేతులపై దద్దుర్లు లేచేవట. ఇప్పుడు ఇఫ్తార్‌లో అరటిపండు తింటే పెదవులు, నోరు దురదపెడుతున్నాయట. పండుగ తరువాత ఆమెకు ఆపరేషన్ జరగవలసి ఉంది.

మేము దుఆ చేశాము. "అమ్మా, ఈ రెండు సంగతులూ డాక్టరుగారికి ముందే చెప్పండి" అని కూడా అన్నాము. ఎందుకో పాఠకులూ తెలుసుకోవాలి.

రబ్బరు చెట్టు బెరడుకు గాటుపెడితే కారే తెల్లని పాలే లేటెక్స్. అందులో సుమారు మూడోవంతు రబ్బరు, మిగిలినది చాలావరకు నీరు. ప్రోటీన్లు నూటికి ఒకటి రెండు పాళ్ళే. బూజుతెగుళ్ళ నుండి చెట్టును కాపాడేవి కొన్ని వాటిలో ఉన్నాయి. హెవీన్ అటువంటిదే. కొందరి శరీరం ఈ ప్రోటీన్లను శత్రువులుగా పొరబడి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి మళ్ళీ తగిలినప్పుడు దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం కలుగుతాయి. తీవ్రమైతే రక్తపోటు పడిపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది.

అరటి, బొప్పాయి, కివీ, అవకాడో పండ్లలో హెవీన్‌ను పోలిన ప్రోటీన్లు ఉన్నాయి. అందుకే లేటెక్స్ పడనివారిలో కొందరికి ఆ పండ్లు కూడా పడవు. అయితే అరటిపండుతో దురద వచ్చిన ప్రతివారికీ ఈ ఎలర్జీ ఉన్నట్టు కాదు. పరీక్షతోనే తేలాలి.

ఎయిడ్స్ భయంతో 1987 తరువాత ఆసుపత్రుల్లో తొడుగుల వాడకం ఎంతో పెరిగింది. నర్సులు, వైద్యులే ఈ బాధకు ఎక్కువగా గురయ్యారు. తొడుగుల్లో చల్లే పిండిపొడికి ప్రోటీన్లు అంటుకొని గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి చేరేవి. అమెరికా ప్రభుత్వం 2017 జనవరి నుండి పొడి చల్లిన వైద్య తొడుగులను నిషేధించింది.

తొడుగు తీసిన ఒకటి రెండు రోజులకు దురద, పగుళ్ళు వస్తే, దానికి తరచుగా రబ్బరులో కలిపే రసాయనాలు కారణం. ప్రోటీన్ల ఎలర్జీ నిమిషాల్లోనే కనిపిస్తుంది. పలుమార్లు ఆపరేషన్లు జరిగిన పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. పండుగనాడు బుడగ ఊదిన బిడ్డ పెదవులు వాచినా తేలికగా తీసుకోరాదు. అనుమానమున్నవారు ఆపరేషన్‌కు, కాన్పుకు, పంటి వైద్యానికి ముందే ఆ మాట చెప్పాలి. ఇంటిపనికి నైట్రైల్ లేదా వినైల్ తొడుగులు వాడుకోవచ్చు. ఊపిరాడకపోతే ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్.

వైద్యం చేయించుకోవడం ప్రవక్త (స) నేర్పిన మార్గమే. దుఆకూ మందుకూ వైరం లేదు. ఆ తల్లి డాక్టరుగారికి అన్నీ చెప్పారు. రక్తపరీక్షలో లేటెక్స్ ఎలర్జీ అని తేలింది. లేటెక్స్ లేని తొడుగులతో ఆపరేషన్ జరిగి క్షేమంగా ఇల్లు చేరారు. అల్‌హమ్దులిల్లాహ్.