ప్రభుత్వపు కొనుగోళ్లకు కాపలా

సంతలో వంకాయలు కొనునపుడు మనము నాలుగంగళ్లు తిరిగి, పుచ్చులు ఏరివేసి, బేరమాడి కొందుము. సొమ్ము మనది, తినువారమును మనమే. ప్రభుత్వము ఆసుపత్రికి మందులో, పాఠశాలకు బల్లలో కొనునపుడు అట్లు కాదు. సొమ్ము ప్రజలది, కొనువారొకరు, వాడుకొనువారు వేఱొకరు. ఇందువలననే ఈ కొనుగోళ్లకు కాపలా యవసరమైనది.

పెద్ద కొనుగోలునకు టెండరు పిలుతురు. కావలసిన వస్తువు ఎట్లుండవలయునో ముందుగాఁ బ్రకటింతురు. మునుపు అమ్మఁదలఁచినవారు ధర వ్రాసి, సీలు వేసిన కవరును పెట్టెలో వేయుచుండిరి. గడువు తీఱిన పిదప అందఱి యెదుట విప్పుచుండిరి. వినుటకు నిర్దుష్టముగనే యున్నది. కాని కంట్రాక్టరులు కొందఱు కూడఁబలుకుకొని, క్రొత్తవారిని ఆ పెట్టె దరికి రానీయక యడ్డగించుట ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జరిగినదే. 2003లో అచ్చటి ప్రభుత్వము కంప్యూటరు ద్వారా టెండర్లు స్వీకరింప నారంభించుటకు ఇదియు నొక కారణము. పెట్టెయే లేనపుడు దారి కాచుట యెచ్చట? అయినను, ధరలను చాటున ముందే నిశ్చయించుకొనువారిని యంత్ర మొక్కటియే పట్టఁజాలదు.

వ్యయమైన పిదప లెక్కలు చూచువారు కంప్ట్రోలరు, ఆడిటరు జనరలుగారు. రాజ్యాంగములోని 148వ అధికరణము ప్రకారము వీరిని తొలగించుట సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించుటయంత కష్టము. రసీదులు సరిపోయినవా యనియే గాక, కొన్న వస్తువు పనికివచ్చినదా యనియు వీరి యాడిటు విచారించును. కొని తెచ్చి తాళము వేసిన గదిలో నుంచిన యంత్రమునకు రసీదు సరిగనే యుండును గదా! వీరి నివేదికను పార్లమెంటులో 22గురు సభ్యుల ప్రజాపద్దుల సంఘము పరిశీలించును. 1967 నుండి ప్రతిపక్షమువారే దీనికి అధ్యక్షులగుట ఆచారము. ఖర్చు చేసినవారే తీర్పరులు కారాదు గదా.

అయితే ఈ విచారణలన్నియు ఆలస్యముగా వచ్చును. తొంబది బల్లలు దిగగా నూఱని స్టాకు రిజిస్టరులో ఒక గుమాస్తా సంతకము చేసినచో, ఆ పదింటి జాడ ఢిల్లీలోనివారికి తెలియుట మిక్కిలి కష్టము. మా యభిప్రాయమున మొదటి ఆడిటరు సరకు దించుకొను మనుష్యుఁడే.

ఈ యేడు ప్రభుత్వమునుండి పాఠ్యపుస్తకముల కట్టలు వచ్చినపుడు పై తరగతి బాలురచేత విప్పించి యెంచించితిమి. గణితపుస్తకములు ఆఱు తక్కువైనవి. మా గుమాస్తాగారు ఆ సంఖ్యను ఎఱ్ఱసిరాతో వ్రాసి, ఆ తరువాతనే సంతకము చేసిరి.