కథోలిక పూజయందుఁ జేష్టయు మౌనమును

కథోలిక క్రైస్తవుల లాటిను పూజాగ్రంథమున రెండు వన్నెల యక్షరములు గలవు. పలుకవలసిన ప్రార్థనలు నల్లనివి. లేచుట, మోకరించుట, చేతులు చాఁచుట, ఊరకుండుట మున్నగువానిని దెలుపు విధులు ఎఱ్ఱనివి. ఆ విధులకు లాటినునఁ గల పేరే యెఱుపను నర్థము గల పదమునుండి పుట్టినది. నల్లని యక్షరములను మాత్రము చదివి పూజార్థమును గ్రహించితి మనుకొనుట, ప్రకృతులను గైకొని ప్రత్యయములను విడిచి వాక్యాన్వయము చేయఁబూనుట వంటిది. చేష్టయు మౌనమును ఇందు వాక్కునకు అలంకారములు గావు. అవి స్వయముగా నర్థబోధకములు.

మొదట మౌనమును జూతము. దివ్యబలిపూజారంభమున గురువు సభను బ్రార్థనకుఁ బిలిచి కొంత తడ వూరకుండును. ఆ నిశ్శబ్దమున నెవరి విన్నపమును వారు మనసున నిలుపుకొందురు. పిమ్మట గురువు పలుకు చిన్న ప్రార్థనకుఁ గొల్లెక్త యని పేరు. అది కూర్చుట యను నర్థము గల ధాతువునుండి వచ్చినది. అందఱి విన్నపములను గూర్చి యొక్కటిగా సమర్పించునది యని దానికిఁ జేయు వివరణము. నడుమ మౌనము లేనిచోఁ గూర్పవలసినదే యుండదు. పాణినీయమున లోపమనఁగా అదర్శనము. కనఁబడని ప్రత్యయమును దన కార్యమును నిర్వహించును. ఈ మౌనమును నట్టిదే.

పవిత్ర శుక్రవారపు విధియం దీ సంగతి మఱింత స్పష్టమగును. ఆనాఁడు జరుగు విన్నపములలో ముందుగా నుద్దేశము ప్రకటింపఁబడును. తరువాత మోకరింపఁ బిలుపు, మౌనము, లేవ నాజ్ఞ, తుదకు గురువు ప్రార్థన. ఇది ప్రాచీనక్రమము. లాటినున మోకరించుటకుఁ బిలుచు క్రియ యుత్తమపురుష బహువచనము. లేపు క్రియ మధ్యమపురుష బహువచనము. వంగుటయందుఁ బిలుచువాఁడును సభతోఁ గలియును. కాలక్రమమున నడిమి మౌనము నశించి, పిలుపును ఆజ్ఞయు నొకదానివెంట నొకటి వినవచ్చి, మోకాలు నేలఁ దాఁకి లేచుటయే మిగిలెను. 12వ పయస్ పోపు కాలమున 1955లోఁ బ్రకటింపఁబడిన సంస్కరణము ఆ మౌనమును మరల నెలకొల్పెను.

చేయని చేష్టయు నర్థమును బలుకును. ఆ విన్నపములలో యూదులకొఱకైన దానియందు మాత్రము అనేక శతాబ్దములు మోకరించుట లేదు. మోకరింపఁ బిలువరాదని యెఱ్ఱని యక్షరములే విధించెను. క్రీస్తునెదుట హేళనగా మోకరించినవారిని స్మరించి యట్లు మానిరని మధ్యయుగవ్యాఖ్యాతలు చెప్పిరి. కాని సువార్తలలో నట్లు మోకరించినవారు రోము భటులు, యూదులు గారు. కావునఁ గారణము నిలువదు. అవమానము మాత్రము నిలిచెను. 1955 నాఁటి సంస్కరణము తక్కిన విన్నపములవలె నిందును మోకరించుటను విధించెను. ఆ విన్నపమున యూదులకుఁ జేర్పఁబడియుండిన నిందావిశేషణమును 23వ జాన్ పోపు 1959లోఁ దొలఁగించెను. 1970 నాఁటి పూజాగ్రంథమున విన్నపమంతయుఁ గ్రొత్తగా రచింపఁబడెను. చేష్ట ముందుగా సవరింపఁబడి, మాట నాలుగేండ్లకుఁ దరువాత సవరింపఁబడెను.

చేష్ట యర్థబోధకమైనచో, దేశభేదమునుబట్టి దానికి భాషాంతరమును గలుగవలయును. 1969లో రోము అధికారులు భారతదేశపు కథోలిక సభకు 12 మార్పుల ననుమతించిరి. అందు మోకాలు వంచుటకు బదులు అంజలి ఘటించి వంగి నమస్కరింపవచ్చును. పవిత్రవస్తువులను ముద్దిడుటకు బదులు వానిని జేతఁ దాఁకి కన్నుల కద్దుకొనవచ్చును. వ్యాకరణపరిభాషలో మోకరించుట స్థాని, అంజలి యాదేశము. ఆదేశము స్థానివలెఁ గార్యము చేయును. అయితే ఆదేశముగా వచ్చు చేష్ట యా దేశజనులకుఁ బూర్వమే తెలిసినదై యుండవలయును. కన్నుల కద్దుకొనుట యేమియో తెలుఁగువారి కెవ్వరును వివరింపఁ బనిలేదు.

కావున నీ పూజను దెలుఁగున వివరింపఁ బూనువారు ప్రార్థనలను మాత్రము పరివర్తించి తృప్తి నొందరాదు. యూదుల విన్నపమున మాటలను మాత్రము చదివినవానికి మోకరింపకుండుటలోని యవమానము కనఁబడదు. అది దిద్దఁబడుటయుఁ గనఁబడదు. ఎఱ్ఱని యక్షరములును బాఠములోనివే యని గ్రహించిననాఁడే వ్యాఖ్యానము పూర్ణమగును.